నమూనా రైలు పెట్టెలు పట్టాలపై సాఫీగా నడవాలంటే

ఇంట్లో నమూనా రైలు మార్గం వేసుకున్నవారందరికీ పరిచయమైన దృశ్యం ఒకటుంది. ఇంజను చక్కగా వెళ్తుంది, దాని వెనక పది పెట్టెలూ చక్కగా వెళ్తాయి, పదకొండో పెట్టె మాత్రం మలుపులోకి రాగానే పట్టా దిగి, వెనకున్న వాటిని కూడా పక్కకు ఈడ్చేస్తుంది. మనం దాన్ని చేత్తో ఎత్తి మళ్లీ పట్టాల మీద పెడతాం. రెండోసారి కూడా పడితే, తేలికగా ఉందనుకుని లోపల నాలుగు నట్లు వేసి మూత బిగిస్తాం. ఆ నట్ల వల్ల కొన్నాళ్లు బాగానే నడుస్తుంది కూడా. కానీ అసలు లోపం చక్రంలోనో, బోగీ స్క్రూలోనో అలాగే ఉండిపోయి, బరువు కింద దాక్కుంటుంది. అందుకే పెట్టెను కింది నుంచి పైకి, అంటే చక్రంతో మొదలుపెట్టి బరువుతో ముగిసే వరుసలో సరిచేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

ఇక్కడ ఇచ్చే కొలతలన్నీ హెచ్‌ఓ సైజువి. అసలు బండిలో 87వ వంతు ఉండి, 16.5 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న పట్టాలపై నడిచే నమూనాలను హెచ్‌ఓ అంటారు. మన దేశపు బ్రాడ్ గేజి 1676 మి.మీ. కాబట్టి దాన్ని 87తో భాగిస్తే నిజానికి 19.3 మి.మీ. రావాలి. అయినా భారతీయ రైళ్ల హెచ్‌ఓ నమూనాలను కూడా మామూలుగా 16.5 మి.మీ. పట్టాలకే తయారుచేస్తారు. చూపుకు పెట్టె కింద చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టు అనిపిస్తుంది గానీ, నడక విషయంలో దీనివల్ల మనకు మేలే జరిగింది. ఎందుకంటే అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్, అంటే ఎన్‌ఎంఆర్‌ఏ, ఆ గేజికి రూపొందించిన ప్రమాణాలు మన పెట్టెలకు కూడా అలాగే సరిపోతాయి.

ఒక్క పదం గురించి ముందే చెప్పుకోవాలి. మనం మాటల్లో రైలు పెట్టెనే బోగీ అంటాం. రైల్వే వర్క్‌షాపులో మాత్రం పెట్టె కింద ఇరుసులనూ చక్రాలనూ మోసే చట్రాన్ని బోగీ అంటారు. ఈ వ్యాసంలో బోగీ అంటే ఆ చట్రమే, పైనున్నది పెట్టె.

లోపం పెట్టెదా, పట్టాదా?

పనిముట్లు చేతిలోకి తీసుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు రాబట్టాలి. ఒకే పెట్టె రకరకాల చోట్ల పడుతుంటే లోపం పెట్టెది. రకరకాల పెట్టెలు ఒకే చోట పడుతుంటే లోపం పట్టాది. ఒకే పెట్టె ఒకే చోట పడుతుంటే మాత్రం రెండింటిలోనూ కొంచెం కొంచెం తప్పు ఉండి, అవి కలిసినప్పుడే బయటపడుతున్నాయని అర్థం. ఇలాంటప్పుడు పెట్టెను తీసి, ముందు వెనకలు తిప్పి మళ్లీ అదే చోటుకు పంపండి. మొదట ముందు బోగీ పడి, తిప్పిన తరువాత వెనక బోగీ పడితే, తప్పు ఆ ఒక్క బోగీలోనే ఉంది. తిప్పినా సరే ముందున్న బోగీయే పడుతుంటే పట్టాను అనుమానించాలి.

కంటికి అందని వేగంలో జరిగే దాన్ని చూడటానికి ఫోను బాగా ఉపయోగపడుతుంది. దాన్ని పట్టాల పక్కనే, లెన్సు చక్రాల ఎత్తులో ఉండేటట్టు ఆనించి, స్లో మోషన్‌లో వీడియో తీయండి. పడిన తరువాత పెట్టె ఎలా ఉందన్నది అంత ముఖ్యం కాదు, మొట్టమొదట ఏ చక్రం లేచిందన్నదే ముఖ్యం. ఒక పెట్టె విషయంలో నేను నెల రోజులు వెనక బోగీని తిట్టుకున్నాను. తీరా వీడియోలో చూస్తే ముందు కప్లర్ (పెట్టెలను ఒకదానికొకటి తగిలించే కొక్కెం) కింద వేలాడే సన్నని తీగ పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక దారి నుంచి మరో దారికి మారే చోట, పట్టాకు తగిలి, పెట్టె మొత్తాన్ని ఎత్తేస్తోంది.

బల్ల మీదకు తెచ్చుకోవలసినవి

ఎన్‌ఎంఆర్‌ఏ వారి హెచ్‌ఓ స్టాండర్డ్స్ గేజి ఒకటి తప్పక సంపాదించుకోండి. గాట్లు, మొనలు ఉన్న ఆ చిన్న లోహపు రేకుతో చక్రాల మధ్య దూరం, పట్టాల గేజి, పాయింట్ల దగ్గరి సందులు అన్నీ చూసుకోవచ్చు. అమెరికాలో చుట్టాలున్నవారు వచ్చేటప్పుడు తెమ్మంటే సరిపోతుంది, ఉత్తరం కవరులో పట్టేంత వస్తువు. కప్లర్ ఎత్తు చూసే గేజి కూడా దొరికితే మంచిది. ఇవి కాక సన్నమొన స్క్రూడ్రైవర్లు, పట్టకారు, 1 గ్రాము తేడా చూపే చిన్న డిజిటల్ త్రాసు, వెర్నియర్ కాలిపర్, చదునైన అద్దం ముక్క ఉంటే చాలు. మిగిలినవి వంటింట్లోనూ మందుల షాపులోనూ దొరుకుతాయి.

చక్రాలు

పెట్టెను మెత్తని గుడ్డపై వెల్లకిలా పడుకోబెట్టి, బోగీలను ఊడదీయండి. ఒక్కో బోగీ పక్క చట్రాలను వేళ్లతో కొద్దిగా విడదీస్తే ఇరుసు చక్రాలతో సహా బయటికి వస్తుంది. ఇప్పుడు దాన్ని దీపం కింద పట్టుకుని చూడండి. ఫ్లాంజికి, అంటే చక్రాన్ని పట్టా దిగకుండా ఆపే లోపలి అంచుకు పక్కనే, పట్టాపై దొర్లే భాగంలో నల్లని మకిలి పొరలా కట్టి ఉంటుంది. గోటితో గీస్తే మైనంలా ముద్దలుగా లేస్తుంది. చక్రం గుండ్రంగా ఉండటం మానేసి గతుకుల బండిలా ఎగరడానికి ఆ పొర చాలు. ప్లాస్టిక్ చక్రాలకు ఈ మకిలి త్వరగా పడుతుంది, అంతేకాక అవి దాన్ని మార్గమంతా పూసుకుంటూ పోతాయి. కాబట్టి డబ్బు ఎక్కడో ఒక చోటే ఖర్చు పెట్టగలిగితే, కొత్త పెట్టె కొనడం కంటే ఉన్న పెట్టెల ప్లాస్టిక్ చక్రాలు తీసి లోహపు చక్రాలు వేయించుకోవడమే మేలు.

మకిలి తీయడానికి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్ల సరిపోతుంది. చేతులకు రాసుకునే శానిటైజరు జెల్లు వాడకండి, అందులోని జిగురు చక్రంపైనే మిగిలిపోతుంది. గోళ్ల రంగు తీసే అసిటోన్ అయితే ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. ఇసుక కాగితంతో రుద్దడం అన్నిటికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే అది చేసే సన్నని గీతల్లోనే మళ్లీ మకిలి కూర్చుంటుంది. ఇరుసు కొనల చుట్టూ చుట్టుకున్న పోగులను కూడా మరవకండి. దుప్పటి దులిపిన గదిలో, ఫ్యాను కింద ఒక రాత్రి గడిపిన పెట్టె ఇరుసుకు వెంట్రుకో నూలు పోగో చుట్టుకుని ఉండటం మన ఇళ్లలో చాలా మామూలు. పట్టకారుతో పోగు కొన దొరకబుచ్చుకుని, ఇరుసును తిప్పుతూ విడదీయాలి. లాగితే తెగి, సగం బేరింగులోనే ఉండిపోతుంది.

శుభ్రమయ్యాక కొలత చూడాలి. ఒకే ఇరుసుపై ఉన్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం హెచ్‌ఓలో సుమారు 14.4 మి.మీ. ఉండాలి. కాలిపర్ లేకపోయినా గేజిలోని రెండు గాట్లలో ఫ్లాంజులు రెండూ బిగుతు లేకుండా కూర్చుంటే సరేనన్నమాట. ఈ దూరం తగ్గితే చక్రాల వెనక ముఖాలు పాయింట్ల దగ్గర చక్రాన్ని దారిలో ఉంచడానికి పక్కనే వేసే చెక్ రైలును ఒరుసుకుని పైకెక్కుతాయి. పెరిగితే ఫ్లాంజులు మామూలు పట్టాలోనే బిగుసుకుంటాయి, పాయింట్లలో రెండు దారుల పట్టాలు కలిసే క్రాసింగ్ మొన దగ్గరకు వచ్చేసరికి ఆ మొనను గుద్దుకుని తప్పుదారి పట్టవచ్చు. పాయింట్లపై మాత్రమే పడే పెట్టెలలో నేను మొదట చూసేది ఈ దూరాన్నే, చాలాసార్లు కథ అక్కడే ముగుస్తుంది.

సరిచేయడం కష్టం కాదు. లోహపు చక్రాలలో ఒకటైనా ఇరుసుకు నేరుగా తగలకుండా ప్లాస్టిక్ బుష్‌పై బిగించి ఉంటుంది, ఎందుకంటే అలా లేకపోతే రెండు పట్టాల కరెంటు ఇరుసు గుండా కలిసి షార్ట్ అవుతుంది. రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో చెరొక చక్రాన్ని పట్టుకుని, ఇరుసు చుట్టూ మెలితిప్పుతూ, అదే సమయంలో కొద్దిగా లాగండి లేదా నొక్కండి. మెలితిప్పకుండా నేరుగా నొక్కితే ఒక్కసారిగా మిల్లీమీటరు జరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. వెంట్రుకవాసి జరిపి గేజిలో పెట్టి చూడటం, మళ్లీ జరపడం, ఇలా ఓపికగా చేయాలి. చివరికి రెండు చక్రాలూ ఇరుసు కొనల నుంచి సమాన దూరంలో ఉన్నాయో లేదో చూసుకోండి. కొలత సరిగ్గా ఉన్నా జత మొత్తం ఒక పక్కకు జరిగి ఉంటే బోగీ ఎప్పుడూ ఒకవైపు ఒరుసుకుంటూనే పోతుంది.

బోగీ

మంచి హెచ్‌ఓ బోగీలలో ఇరుసు కొనలు సూదిమొనల్లా ఉండి, పక్క చట్రంలోని శంకువు ఆకారపు గుంటలలో ఆనుకుంటాయి. ఆనే చోటు సూదిమొనంత కాబట్టి రాపిడి చాలా తక్కువ. గుంటలో ప్లాస్టిక్ పొట్టు ఉన్నా, దుమ్ము ఉన్నా ఈ లాభం పోతుంది. అదే కోణంలో చెక్కిన చిన్న రీమరు ఒకటి అమ్ముతారు. ఇరుసు స్థానంలో దాన్ని పెట్టి అటూ ఇటూ రెండు మూడు చుట్లు తిప్పితే గుంట శుభ్రపడుతుంది. అంతకంటే ఎక్కువ తిప్పితే గుంట లోతై, ఇరుసు వదులవుతుంది.

ఇరుసు తిరిగి పెట్టాక అది పక్కకు కాస్త కదలాలి, అర మిల్లీమీటరు లోపు ఆట ఉంటే చాలు. ఆట బొత్తిగా లేకపోతే ఇరుసు పొడవు ఎక్కువై పక్క చట్రాలను బయటికి తోస్తున్నట్టు. కొత్త చక్రాలు కొన్నప్పుడు వ్యాసం ఒక్కటే చూసి ఇరుసు పొడవు చూడకపోవడం వల్లే ఈ చిక్కు వస్తుంది. పాత ఇరుసును కాలిపర్‌తో కొలిచి, అంతే పొడవున్నది తెచ్చుకోండి.

నూనె విషయంలో చేతిని అదుపులో పెట్టుకోవాలి. ఎసిటాల్ అనే జారుడు ప్లాస్టిక్‌తో చేసిన బోగీలకు నూనె అక్కర్లేదు. కుట్టు మిషను నూనె వేస్తే మొదటి రోజు పరుగెత్తుతుంది, ఆ తరువాత దుమ్మును పట్టి ముద్ద చేస్తుంది, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను పెళుసుగా కూడా మారుస్తుంది. కీచుమనే బేరింగు ఉంటే తాళాలలో వేసే గ్రాఫైటు పొడి చిటికెడు చాలు.

ఇప్పుడు పరీక్ష. మీటరు పొడవున్న పలకపై ఒక నిటారు పట్టా వేసి, ఒక కొనను 2 సెంటీమీటర్లు పైకి లేపండి. అది 2 శాతం వాలు. పెట్టెను పైన పెట్టి చేయి వదిలితే, తోయకుండానే కదలాలి. కదలకపోతే ఒక్కో ఇరుసునూ ఊది తిప్పి, ఏది తొందరగా ఆగుతోందో చూడండి.

రెండు స్క్రూలు, మూడు కాళ్లు

ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే, కానీ చాలామంది దీన్ని దాటేస్తారు. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఎక్కడో ఒకచోట ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఎక్కడ వేసినా కుదురుగా నిలుస్తుంది. పెట్టెకు రెండు బోగీలనూ గట్టిగా బిగిస్తే అది నాలుగు కాళ్ల బల్ల. పట్టా కొంచెం మెలితిరిగిన చోట ఏదో ఒక చక్రం గాలిలో తేలుతుంది, తేలిన చక్రం మలుపులో పట్టా దిగుతుంది.

అందుకని ఒక బోగీ స్క్రూను, బోగీ ఎడమ కుడులకు తిరగగలిగినా పక్కలకు ఊగకుండా ఉండేంత వరకు బిగించండి. అంటే పూర్తిగా బిగించి, ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. రెండో బోగీ స్క్రూను మరికొంచెం వదులు చేసి, అది తిరగడంతో పాటు పక్కలకూ ఊగేటట్టు ఉంచండి. ఇప్పుడు పెట్టె మూడు కాళ్ల పీట అయింది. వదులు స్క్రూ ప్రయాణంలో తానే ఊడిపోతుంటే, దాని మరలకు చుక్క పెయింటు తగిలించి పెట్టండి, జిగురు మాత్రం వద్దు. ప్లాస్టిక్ రంధ్రంలో మర అరిగిపోయి ఉంటే, సన్నని ప్లాస్టిక్ పుల్లను రంధ్రంలో అతికించి, ఆరాక కొత్తగా రంధ్రం వేసుకోవాలి.

తరువాత పెట్టెను అద్దం మీద నిలబెట్టి, పలుచని కాగితం ముక్కను ఒక్కో చక్రం కిందికి జొనపండి. ఎనిమిది చక్రాలలో దేని కిందా కాగితం దూరకూడదు. దూరిందంటే ఆ బోగీ చట్రమే వంకర, దాన్ని సరిచేసే ప్రయత్నం కంటే మార్చేయడం మంచిది.

కప్లర్లు

చక్రాల పని ముగిశాకే కప్లర్ జోలికి వెళ్లాలి, ఎందుకంటే చక్రం మారితే కప్లర్ ఎత్తు కూడా మారుతుంది. 9.6 మి.మీ. వ్యాసం ఉన్న చక్రం తీసి 10.5 మి.మీ. చక్రం వేస్తే పెట్టె దాదాపు అర మిల్లీమీటరు లేస్తుంది. పిడికిలి ఆకారంలో ఉండే, కేడీ అనే కంపెనీ రకపు కప్లర్ మధ్యభాగం పట్టా పైముఖం నుంచి సుమారు 9.9 మి.మీ. ఎత్తులో ఉండాలి. ఒక పెట్టె కప్లర్ పైకి, మరొకటి కిందికి ఉంటే, పట్టా ఎత్తుపల్లాల దగ్గర ఒకటి రెండోదాని నుంచి జారిపోయి రైలు రెండు ముక్కలవుతుంది. కప్లర్ కిందికి ఉంటే బోగీకీ, పెట్టె అడుగున అది ఆనే బోల్‌స్టర్‌కూ మధ్య పలుచని ఫైబర్ వాషరు వేయండి. కేడీ వారు ఈ పనికే 0.25, 0.38 మి.మీ. మందంలో అమ్ముతారు. పైకి ఉంటే బోల్‌స్టర్‌ను అరగదీయడం కంటే, తల కిందికి దిగి ఉండే కప్లర్ రకం వేసుకోవడం సులువు.

నేను మొదట చెప్పిన తీగ సంగతి ఇక్కడిదే. అయస్కాంతంతో కప్లర్ విడిపోవడానికి దాని కింద ఒక వంపు తీగ ఉంటుంది. దానికీ పట్టా పైముఖానికీ మధ్య 0.8 మి.మీ. సందు కావాలి. ఇందుకు వేరే పనిముట్టు అవసరం లేదు. గడువు తీరిన ఏటీఎం కార్డు మందం 0.76 మి.మీ., దాన్ని పట్టాలపై అడ్డంగా పరిచి, దాని మీదుగా పెట్టెను మెల్లగా తోయండి. తీగ కార్డును తాకీ తాకనట్టు పోవాలి. గీరుకుంటే ప్లయర్లతో తీగను కొంచెం పైకి వంచండి. కప్లర్‌ను వేలితో పక్కకు నెట్టి వదిలితే తిరిగి మధ్యకు రావాలి. రాకపోతే కప్లర్ కూర్చునే చిన్న డబ్బాలో గ్రాఫైటు పొడి వేయాలి, నూనె ఎప్పుడూ వేయకూడదు.

అయస్కాంతం మీదికి రాగానే పెట్టె దానంతట అది ముందుకు దూకుతుంటే, లోపం కప్లర్‌లో లేదు. ఇరుసులు ఉక్కువై ఉంటాయి. అయస్కాంతానికి అంటని ఇరుసులు వేయడమే దానికి మార్గం.

బరువు

ఇప్పుడు బరువు వంతు. ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ పెట్టెకు 1 ఔన్సు, దానికి తోడు పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు ఉండాలి. మన లెక్కలో చెప్పాలంటే 28 గ్రాములు, ఆపై ప్రతి సెంటీమీటరుకు 5.6 గ్రాములు. 15 సెం.మీ. వ్యాగన్‌కు ఇది 112 గ్రాములవుతుంది. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో తయారైన పాత రకం ఐసీఎఫ్ పెట్టె శరీరం 21.3 మీటర్లు కాబట్టి నమూనాలో 24.5 సెం.మీ., దానికి 165 గ్రాములు. జర్మన్ డిజైన్‌తో వచ్చిన 23.5 మీటర్ల ఎల్‌హెచ్‌బీ పెట్టె 27 సెం.మీ. వస్తుంది, దానికి 179 గ్రాములు. ఈ అంకెకు ఐదు పది గ్రాములు అటూ ఇటూ అయినా నష్టం లేదు. రైలులో పెట్టెలన్నీ ఒకే లెక్కలో ఉండటం ముఖ్యం. బరువైన పెట్టెల ముందు తేలికైన పెట్టె ఒకటి ఉంటే, మలుపులో ఇంజను ఇటు లాగి, వెనక బరువు అటు లాగి, మధ్యలో అది దారం బిగిసినట్టు లోపలివైపుకు ఒరిగి పడుతుంది.

బరువుకు కార్ల చక్రాలు బ్యాలెన్సింగ్ చేసే షాపులో దొరికే అంటించే ముక్కలు చాలా అనువైనవి, 5, 10 గ్రాముల ముక్కలుగా తెంపుకోవచ్చు. వాటిని నేలపైనే, మధ్యకు సమంగా, వీలైనంత కిందుగా అంటించండి. కప్పు లోపల అంటిస్తే పెట్టె తల బరువెక్కి ఊగుతుంది. చేపల వలకు కట్టే సీసపు గుళ్లు వాడేవారు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. పట్టుకున్న తరువాత చేతులు కడుక్కోవాలి, తెల్ల జిగురుతో వాటిని మూసి ఉన్న చోట అతికించకూడదు. ఆ జిగురుతో సీసం మెల్లగా తుప్పు పట్టి ఉబ్బి, ఏడాది రెండేళ్లలో పెట్టె గోడలను పగలగొట్టిన సందర్భాలు నమూనాకారులకు బాగా తెలుసు. ఎపాక్సీ వాడితే ఆ భయం ఉండదు.

పట్టా మీద చివరి పరీక్ష

పెట్టెను ఒంటరిగా కాకుండా, సరిగ్గా నడిచే రెండు పెట్టెల మధ్య పెట్టి మార్గమంతా తిప్పండి. ముందుకు నడిచినంత మాత్రాన సంతోషపడవద్దు, వెనక్కి తోయించండి, అదీ పాయింట్ల మీదుగా, ఎదురెదురు మలుపుల మీదుగా, నడక వేగంతో. లాగినప్పుడు దాగి ఉండే తప్పులన్నీ తోసినప్పుడు బయటపడతాయి.

ఇంత చేసినా పొడవైన పెట్టెలు మలుపులో మాత్రమే పడుతుంటే మలుపు వ్యాసార్ధం కొలవండి. పెట్టె పొడవుకు మూడింతల వ్యాసార్ధం ఉంటే అదే పొడవున్న పెట్టెలు నమ్మకంగా నడుస్తాయన్నది అమెరికా నమూనాకారుల మోటు లెక్క. 27 సెం.మీ. ఎల్‌హెచ్‌బీ పెట్టెకు అది 81 సెం.మీ. అవుతుంది. రైలు సెట్లతో కలిసి వచ్చే 18 అంగుళాల, అంటే 46 సెం.మీ. మలుపులపై ఆ పెట్టెను నడిపించాలని పట్టుబట్టడం దాన్ని వేధించడమే. అక్కడ నాలుగు చక్రాల చిన్న వ్యాగన్లు నడుపుకోండి, అందంగా కూడా ఉంటాయి.

పట్టాల సంగతి ఇక్కడ ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. మీటరు నికెల్ సిల్వర్ పట్టా 20 డిగ్రీల వేడి తేడాకు సుమారు 0.3 మి.మీ. సాగుతుంది, దాని కింది చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది. కాబట్టి జనవరిలో బాగా నడిచిన పెట్టె మే నెలలో పడితే, పెట్టెను విప్పే ముందు జాయింట్ల మీద వేలు జరిపి చూడండి.

సరిచేసిన ప్రతి పెట్టె అడుగున చిన్న స్టిక్కరు అంటించి, తేదీ, బరువు, ఏ బోగీ వదులుగా ఉంచారో రాసుకోండి. రోజూ నడిచే పెట్టెలకు మూడు నెలలకోసారి చక్రాలు తుడవడం, ఏడాదికోసారి గేజితో మళ్లీ కొలవడం సరిపోతుంది. మూడు సార్లు పడిన పెట్టెను ఆ రోజుకు మళ్లీ పట్టాలెక్కించకండి. ఎక్కడ, ఏ చక్రం, ముందుకు వెళ్తూనా వెనక్కి వెళ్తూనా అని చీటీ రాసి, దానితో పాటే డబ్బాలో పెట్టేయండి.